పై ఆకాశం ఎందుకు చల్లబడుతోంది?

(శ్రీకాకుళంలో వేసవి సెలవుల్లో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, సిగ్గుపడొద్దు. ఫ్యాన్ల కింద కుర్చీలు ముందే నిండిపోయాయి, మిగతావాళ్లు కాస్త ఓర్చుకోవాలి. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, శ్రీకాకుళం. ఉక్కపోత గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, అందరి చొక్కాలూ వీపుకి అంటుకునే ఉన్నాయి. అయినా ఈ గంటసేపూ నేను చలి గురించే మాట్లాడతాను. ఎక్కడో హిమాలయాల్లో చలి అనుకునేరు. ఇదిగో, ఈ హాలు కప్పు మీంచి నిట్టనిలువుగా పదిహేడు కిలోమీటర్లు పైకి వెళితే ఉండే చలి. ఇప్పుడు, మనం ఇక్కడ చెమటలు తుడుచుకుంటున్న ఈ నిమిషంలో, అక్కడ మైనస్ 80 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది.

పదిహేడు కిలోమీటర్లంటే ఎంత? బస్సెక్కితే చిలకపాలెం దాటి ఇంకొంచెం ముందుకి. అంతే. అంత దగ్గర్లో అంత చలి ఉంది.

పిల్లలూ, మీరు ఒక పని చేయండి. మన హైవే ఉంది కదా, విశాఖ వైపు వెళ్లేది. దాన్ని శ్రీకాకుళం దగ్గర పట్టుకుని నిచ్చెనలాగా నిలబెట్టేశాం అనుకోండి. ఇప్పుడు ఎక్కుదాం. చిలకపాలెం దాటేవరకూ ఉన్నది ట్రోపో ఆవరణం. మబ్బులు, వానలు, పిడుగులు, మన హుద్‌హుద్, మన తిత్లీ, అన్నీ ఈ కాస్త జాగాలోనే. ఎక్కేకొద్దీ చలి. అక్కణ్ణుంచి రణస్థలం మీదుగా పైడిభీమవరం దాటేదాకా, అంటే యాభై కిలోమీటర్ల దాకా, స్ట్రాటో ఆవరణం. ఇక్కడ సంగతి తిరగబడుతుంది, ఎక్కేకొద్దీ వేడి పెరుగుతుంది. ఎందుకు? ఓజోన్ ఉంది కాబట్టి. అది సూర్యుడి అల్ట్రావయొలెట్ కిరణాలు మింగి వేడెక్కుతుంది, ఆ వేడి పక్కనున్న గాలికిస్తుంది. యాభై దగ్గరికి వచ్చేసరికి దాదాపు సున్నా డిగ్రీలు. అక్కణ్ణుంచి భోగాపురం, తగరపువలస మీదుగా ఆనందపురం దాకా మీసో ఆవరణం. మళ్లీ చలి, మైనస్ 90, ఇంకా కిందకి. ఆపైన థర్మో ఆవరణం. విశాఖలో అడుగుపెడుతున్నాం అనుకునేసరికి వంద కిలోమీటర్లు, అంతరిక్షం అక్కణ్ణుంచి మొదలవుతుందని లెక్క. మరి మనుషులుంటున్న అంతరిక్ష కేంద్రం ఎక్కడుంది? ఏలూరు దగ్గర. నాలుగు వందల కిలోమీటర్లు. అక్కడ కూడా గాలి ఉంది, చాలా చాలా పలచగా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

ఈ మెట్లన్నీ ఉన్నాయని మొదట ఎవరికీ తెలియదు. పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతూనే పోతుందనుకున్నారు. ఫ్రాన్సులో లియోన్ టెసరాంక్ ద బోర్ అనే ఆయన రెండు వందలకి పైగా బెలూన్లు ఎగరేశాడు. ఎండ తగిలి థర్మామీటరు తప్పు చెబుతోందేమోనని చాలావాటిని రాత్రుళ్లు వదిలాడు. చూడండి ఆ శ్రద్ధ! అలా అన్నిసార్లు చూసుకున్నాకే 1902లో ప్రకటించాడు, ఒక ఎత్తు దాటాక చలి పెరగడం ఆగిపోతోందని. మన దేశంలో కె. ఆర్. రామనాథన్ గారు ఆగ్రా నుంచి వదిలిన బెలూన్ల లెక్కలు పట్టుకుని 1929లో ఇంకో సంగతి చెప్పారు. కింది ఆకాశంలో అతి చల్లటి గాలి ధ్రువాల మీద ఉండదు, భూమధ్యరేఖ మీద పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది అని. ఎండలు మండే మన నెత్తి మీదే అంత చలి ఎందుకుందో ఆలోచిస్తూ ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నిచ్చెనలో కింది మెట్టు వేడెక్కుతోంది. అది మీకు తెలుసు, పేపర్లో రోజూ వస్తోంది. పై మెట్లు ఏమవుతున్నాయి? చల్లబడుతున్నాయి. మళ్లీ చెబుతున్నాను, చల్లబడుతున్నాయి. నలభై, యాభై కిలోమీటర్ల ఎత్తులో 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. పదేళ్లకి అర డిగ్రీకి పైగా తగ్గుతూ వచ్చింది. అదే కాలంలో నేల దగ్గర పదేళ్లకి 0.2 డిగ్రీల చొప్పున పెరిగింది. కింద పెరిగినదానికంటే పైన తగ్గిందే ఎక్కువ! ఈ సంగతి ఇదివరకే తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు... నలుగురు. మూడు వందల మందిలో నలుగురు. అందుకే నాకు ఈ ప్రసంగం చెయ్యాలనిపించింది. భూమి వేడెక్కుతోందన్న సగం మాట ఊరూరా తిరుగుతోంది. రెండో సగం ఎవరూ చెప్పడం లేదు. అసలు సాక్ష్యం ఆ రెండో సగంలోనే ఉంది.

ఇది కొలిచాక తెలిసింది కూడా కాదు, కొలవకముందే చెప్పారు. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ అనే ఇద్దరు లెక్క కట్టారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల దగ్గర సుమారు 2.3 డిగ్రీలు పెరుగుతుంది, స్ట్రాటో ఆవరణం చల్లబడుతుంది అన్నారు. అప్పటికి పై ఆకాశాన్ని ఏళ్ల తరబడి కొలిచిన ఉపగ్రహం ఒక్కటీ లేదు. మనాబేకి 2021లో నోబెల్ వచ్చింది.

ఒకే వాయువు కింద వేడి పెంచడమేంటి, పైన చలి పెంచడమేంటి? ఇక్కడే చాలామంది తికమక పడతారు. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, బ్లాక్‌బోర్డు మీద సమీకరణాలు రాసినప్పుడల్లా పిల్లల మొహాల్లో అదే తికమక చూశాను. ఒకసారి భావనపాడు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, మత్స్యకారుల అబ్బాయి, వాళ్ల నాన్న పడవలో నీళ్లు తోడడం గురించి చెప్పాడు. ఆ రోజు నుంచి నేను సమీకరణం కంటే ముందు పడవే చెబుతున్నాను.

పడవకి చిన్న చిల్లుంది. నీరు ఊరుతూనే ఉంటుంది. ఒకాయన కూర్చుని డబ్బాతో తోడి బయట పారబోస్తున్నాడు. నీళ్లు ఎక్కువుంటే డబ్బా నిండుగా లేస్తుంది, తక్కువుంటే సగం డబ్బాయే లేస్తుంది. అవునా? అందుకని వచ్చే నీరు, పోయే నీరు సరిపోయిన చోట మట్టం నిలబడుతుంది. ఇప్పుడు ఆయన తమ్ముడు కూడా ఇంకో డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. చిల్లు అదే, ఊరే నీరు అంతే. మట్టం ఏమవుతుంది? గట్టిగా చెప్పండి. తగ్గుతుంది! ఇద్దరికీ సగం సగం డబ్బా లేచే దాకా తగ్గి, అక్కడ ఆగుతుంది.

పై ఆకాశంలో ఊరే నీరంటే ఓజోన్ పట్టే సూర్యుడి వేడి. మట్టమంటే టెంపరేచర్. మరి తోడేది ఎవరు? గాలిలో ఎక్కువగా ఉన్నవి నైట్రోజన్, ఆక్సిజన్. వేడిని కిరణంగా మార్చి బయటికి పంపడం వాటికి చేతకాదు. ఆ పని కార్బన్ డయాక్సైడ్‌కి వచ్చు. పక్క అణువులు వచ్చి గుద్దుకుంటాయి, వాటి వేడి ఇది తీసుకుంటుంది, పరారుణ కిరణంగా పారబోస్తుంది. పైన గాలి పలచన కాబట్టి ఆ కిరణాన్ని అడ్డుకునేవాళ్లు లేరు, తిన్నగా అంతరిక్షంలోకి పోతుంది. 1958లో హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. తోడే చేతులు పెరిగాయి, మట్టం తగ్గింది.

మరి కింద? కింద పడవలు ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉన్నాయి. నువ్వు తోడి పోసిన నీరు సముద్రంలో పడదు, పక్క పడవలో పడుతుంది. వాడు పోసింది నీ పడవలో పడుతుంది. ఎంతమంది తోడితే ఏం లాభం? అంచున ఉన్న పడవ ఒక్కటే సముద్రంలోకి పోయగలదు. అదీ తేడా. కిందా పైనా చేసే పని ఒకటే. చుట్టూ ఎవరున్నారన్నదే తేడా.

అయ్యా, మీరేదో అంటున్నారు, మైకు అందుకోండి... సరే, నేనే చెబుతాను. పెద్దాయన ఏమంటున్నారంటే, "పైన సల్లబడతన్నాదంటే మంచిదే కదేటి మాస్టారూ, ఆ సల్లదనం మనకి దిగిరాదేటి?" మంచి ప్రశ్న. రాదండీ. యాభై కిలోమీటర్ల పైన ఉన్నది మొత్తం గాలిలో వెయ్యో వంతు. బిందెడు వేణ్నీళ్లలో ఒక చుక్క చన్నీళ్లు వేస్తే ఏం తెలుస్తుంది? పైగా స్ట్రాటో ఆవరణంలో గాలి పొరలు పొరలుగా నిలకడగా ఉంటుంది, పైదీ కిందదీ అంత తొందరగా కలవవు. ఆ చలి మన వరకూ చేరదు. కానీ ఆ చలి ఒక కబురు చెబుతోంది. అది వినాలి.

ఏం కబురు? మనలో చాలామంది అంటుంటారు, ఎండలు ముదిరాయి, సూర్యుడే మండిపోతున్నాడు, మనిషి ఏం చేస్తాడు అని. అరసవల్లి ఉన్న ఊళ్లో ఆ మాట రావడం సహజం. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, అక్టోబరులో, పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడడం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. సూర్యుణ్ణి అంత దగ్గరగా చూసుకునే ఊరు మనది. అయితే ఒకటి ఆలోచించండి. సూర్యుడే ఎక్కువ వేడి పంపుతుంటే ముందు వేడెక్కాల్సింది ఏది? పై మెట్టు కదా! డాబా ఇంట్లో ఎండకి ముందు కాలేది పై గది. పై గది రోజురోజుకీ చల్లబడుతూ, కింది గది రోజురోజుకీ వేడెక్కుతుంటే, ఎండ ముదిరిందంటారా? కింది గదిలోంచి వేడి బయటికి పోవడం లేదంటారు. 1978 చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగునే తిన్నగా కొలుస్తున్నాయి. పదకొండేళ్లకోసారి వెయ్యింట ఒక వంతు అటూ ఇటూ ఊగుతుంది, అంతే తప్ప పెరుగుతూ పోవడం లేదు. పైన చలి, కింద వేడి, రెండూ కలిపి చూస్తే అది వేలిముద్ర. అది సూర్యుడి వేలిముద్ర కాదు.

ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట చెప్పాలి, లేకపోతే మీకు సగం చెప్పినవాణ్ణవుతాను. చల్లబడిందంతా కార్బన్ డయాక్సైడ్ ఖాతాలో వేయకూడదు. ఇరవై కిలోమీటర్ల ప్రాంతంలో, అంటే స్ట్రాటో ఆవరణం కింది భాగంలో, 1980ల్లో, 90ల మొదట్లో వచ్చిన చల్లదనం ఎక్కువ భాగం ఓజోన్ తగ్గడం వల్ల. పడవ లెక్కలో చెప్పాలంటే అక్కడ చిల్లే చిన్నదైంది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, ఓజోన్‌ని తినేసే వాయువులు, ఫ్రిజ్‌లలో వాడేవి, మానేశారు. 90ల మధ్య నుంచి ఆ ఎత్తులో చల్లబడడం దాదాపు ఆగింది. ప్రపంచమంతా కలిసి ఒక పని చేస్తే ఆకాశంలో గీత మారడం గ్రాఫులో కనిపిస్తుందమ్మా! ఆ గ్రాఫు మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. దానికి పైన మాత్రం, నలభై కిలోమీటర్ల దగ్గర, చల్లబడడం ఇంకా సాగుతూనే ఉంది.

మధ్యలో అగ్నిపర్వతాలు కూడా వస్తాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడు రెండేళ్లపాటు స్ట్రాటో ఆవరణం కింది భాగం రెండు మూడు డిగ్రీలు వేడెక్కింది, నేల మీద అర డిగ్రీ చల్లబడింది. తర్వాత అన్నీ సర్దుకున్నాయి. అలాంటి ఊపుల మధ్య నుంచి నలభై ఏళ్ల గీతని బయటికి తీయాలి.

ఎలా తీస్తారు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఏమనుకోవద్దు. పదేళ్లకి అర డిగ్రీ అంటే ఏడాదికి 0.05. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు కూడా అంత చిన్న తేడా చూపించదు. దాన్ని ఎవరూ వెళ్లలేని చోట, ఏళ్ల తరబడి కొలవాలి. పైగా పరికరం మారిపోతుంటుంది. పాత పరికరం ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తే, కొత్తది పెట్టిన రోజే ఆకాశం ఒక డిగ్రీ చల్లబడినట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఉపగ్రహాల్లోనూ అంతే. 1979 నుంచి స్ట్రాటో ఆవరణాన్ని చూసిన పరికరంలో కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న గది ఒకటి ఉండేది. ఆ గదిలోంచి వాయువు నెమ్మదిగా కారింది. కారేకొద్దీ అది చూసే ఎత్తు మారిపోయింది. దాన్ని పట్టుకుని సరిదిద్దడానికి ఎన్నేళ్లు పట్టిందో! ఆ ఓపిక లేకపోతే ఈ రోజు నేను మీకు ఒక్క అంకె కూడా చెప్పలేను.

మన దేశం వాటా తక్కువేం కాదు. కేరళలో తుంబా, 1963 నవంబరు 21న మొదటి రాకెట్ ఎగిరిన చోటు. అక్కడి నుంచి 1970 మొదలు రెండు దశాబ్దాలపాటు సోవియట్ వాళ్ల ఎం-100 రాకెట్లు వారం వారం ఎగరేశారు. వారం వారం! ఎనభై కిలోమీటర్ల దాకా వెళ్లి దిగుతూ టెంపరేచర్ చెప్పేవి. భూమధ్యరేఖ దగ్గర మీసో ఆవరణానికి అంత పొడుగు రికార్డు ప్రపంచంలోనే అరుదు. మీసో ఆవరణం చల్లబడుతోందని చూపించడానికి మనవాళ్లు ఆ లెక్కలే వాడారు.

తర్వాత మన గాదంకి. తిరుపతి దగ్గర పల్లెటూరు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉంది. 1998 నుంచి అక్కడ లైడార్, అంటే లేజర్ కాంతితో ఆకాశాన్ని కొలిచే పరికరం, పనిచేస్తోంది. ఒకసారి అధ్యాపకులం కొంతమందిమి వెళ్లాం. మబ్బు లేని రాత్రి. లైట్లన్నీ ఆర్పేశారు. కప్పులోంచి పచ్చటి కాంతి గీత ఒకటి పైకి లేచింది. నిటారుగా. దారం కట్టి లాగినట్టు. మొదట్లో దానిలో దుమ్ము రేణువులు మెరుస్తూ తిరగడం కనిపిస్తుంది, ఆ పైన గీత చుక్కల్లో కలిసిపోతుంది. ఆ కాంతి ముప్పై, యాభై, డెబ్బై కిలోమీటర్ల ఎత్తులో గాలి అణువులకి తగిలి, అందులో అతి కొంచెం వెనక్కి వస్తుంది. వచ్చిన కాంతి కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఎన్ని వచ్చాయో దాన్నిబట్టి గాలి ఎంత దట్టంగా ఉందో, దాన్నిబట్టి ఎంత చలిగా ఉందో చెబుతారు. పక్కన కూర్చున్న కుర్రాడు తెల్లవారేదాకా స్క్రీన్ చూస్తూనే ఉన్నాడు. మబ్బు పట్టిందా, ఆ రాత్రి పని పోయినట్టే. మళ్లీ రేపు.

ఇక చివరి మెట్టు. ఇందాక ఏలూరు గుర్తుపెట్టుకోమన్నాను. పెద్దవాళ్లకి స్కైలాబ్ గుర్తుందా? అదిగో, తలలు ఊపుతున్నారు. 1979 జూలై. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం నెత్తి మీద పడిపోతుందని ఊళ్లన్నీ గడగడలాడాయి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తినేశారు. నాకప్పుడు పదమూడేళ్లు. మా అమ్మమ్మ పిల్లలందర్నీ ఒకే గదిలో వరసగా పడుకోబెట్టి, తను గుమ్మానికి అడ్డంగా పడుకుంది. పోతే అందరం ఒక్కసారే పోదాం అంది. ఆ గదిలో కిరోసిన్ దీపం వాసన ఇప్పటికీ నాకు గుర్తే. జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపున పడింది.

అనుకున్నదానికంటే ముందే ఎందుకు పడింది? ఆ ఏళ్లలో సూర్యుడు చాలా చురుగ్గా ఉన్నాడు. థర్మో ఆవరణం వేడెక్కి ఉబ్బింది. ఉబ్బిన గాలి పైకి లేచి స్కైలాబ్‌కి రాసుకుంది, దాని వేగం తగ్గించింది, కిందికి లాగేసింది. 2022 ఫిబ్రవరిలోనూ అంతే. ఒక అమెరికా సంస్థ 49 ఉపగ్రహాలు పంపితే సౌర తుఫాను వచ్చి పై గాలి ఉబ్బి, నలభై దాకా రోజుల్లోనే రాలిపోయాయి.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. పై గాలి చల్లబడితే? కుంచించుకుపోతుంది. 1989లో రోబుల్, డికిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ రెట్టింపైతే మీసో ఆవరణం పది డిగ్రీలు, థర్మో ఆవరణం యాభై డిగ్రీలు చల్లబడుతుందని. నాలుగు వందల కిలోమీటర్ల దగ్గర గాలి సాంద్రత పదేళ్లకి రెండు శాతం చొప్పున తగ్గుతోందని పాత ఉపగ్రహాల కక్ష్యలే చెబుతున్నాయి. దానివల్ల ఏమవుతుంది? పాడైన ఉపగ్రహం, విరిగిన రాకెట్ ముక్క, ఏదైనా సరే తొందరగా రాలదు. ఆకాశానికి ఊడ్చుకునే చీపురు ఆ గాలే. చీపురు పుల్లలు ఊడిపోతున్నాయి. పది సెంటీమీటర్ల కంటే పెద్ద ముక్కలే ముప్పై వేలకి పైగా పైన తిరుగుతున్నాయి. సెకనుకి ఏడు కిలోమీటర్ల పైన వేగం, అంటే ఇక్కణ్ణుంచి ఎచ్చెర్ల ఒక్క సెకను. 2009 ఫిబ్రవరిలో రెండు ఉపగ్రహాలు ఢీకొని వేల ముక్కలయ్యాయి, వాటిలో చాలా ఇంకా అక్కడే ఉన్నాయి. మనకి తుఫాను కబురు చెప్పేది ఉపగ్రహాలే. తిత్లీ వచ్చిన రాత్రి ఉద్దానంలో కొబ్బరి చెట్లు పోయాయి, జీడితోటలు పోయాయి. ముందుగా కబురు అందబట్టి ఎంతమంది ఊళ్లు ఖాళీ చేసి బతికారో మీకు తెలుసు. ఆ కబురు తెచ్చే దారిలోనే ఈ చెత్త పేరుకుంటోంది. వజ్రపుకొత్తూరు నుంచి వచ్చిన పిల్లలున్నారు కదా, మీరు ఇంట్లో ఈ మాట చెప్పండి.

టైమైపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. విశాఖలో వాతావరణ శాఖ వాళ్లు తెల్లవారుజామున బెలూన్ వదులుతారు. ప్రపంచమంతా దాదాపు అదే సమయానికి వదులుతుంది. తెల్లటి రబ్బరు బెలూన్, కింద దారం, దారం చివర చిన్న తెల్లటి పెట్టె. చేత్తో పట్టుకుంటే మీ టిఫిన్ బాక్సంత బరువు కూడా ఉండదు. అది మైనస్ 80 దాటుకుని ముప్పై కిలోమీటర్ల దాకా వెళుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. అప్పటిదాకా రెండు సెకన్లకో మూడు సెకన్లకో ఒకసారి ఎంత చలో చెబుతూనే ఉంటుంది. ఆదివారం పదిమంది పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తానని అడిగి ఉంచాను, సరే అన్నారు. వచ్చేవాళ్లు ఇంట్లో చెప్పి, బయట ఉన్న పుస్తకంలో పేర్లు రాయండి. రాత్రి రెండు గంటలకల్లా కాంప్లెక్సు దగ్గర ఉండాలి. బస్సు ఆగదు, బెలూన్ అసలే ఆగదు.